వారం రోజుల షావుకార్లు

చచ్చిపోతున్న ఓ స్కాట్లండ్ ఊరు పాత పుస్తకాలు అమ్మి బతికింది. వాటితో పాటు అక్కడ అమ్ముడయ్యే మరో సరుకు: పరాయి దేశంలో చిన్న కొట్టు, కొత్త జీవితం, కుదిరితే ఓ ప్రేమకథ

స్కాట్లండ్ నైరుతి మూలన ఉన్న విగ్‌టౌన్‌లో ‘ది ఓపెన్ బుక్’ అనే పాత పుస్తకాల కొట్టుంది. దానికి వారానికో, రెండు వారాలకో షావుకారు మారుతుంటారు. వచ్చినవాళ్ళు తాళం చెవి తీసుకుని కొట్టు పైనున్న చిన్న ఫ్లాట్‌లో దిగుతారు. తెల్లారాక కిందికొచ్చి తలుపు తెరుస్తారు. బయటి నల్లబల్ల మీద సుద్దముక్కతో తోచిందేదో రాస్తారు. అద్దాల కిటికీలో పుస్తకాలను తమకు నచ్చిన తీరులో సర్దుతారు. ఆ తర్వాత గల్లాపెట్టె ముందు కూచుని బోణీ కోసం ఎదురుచూస్తారు. ఇందుకు వారికి జీతం లేదు సరికదా, ఎదురు డబ్బు కట్టాలి. 2015 ఆగస్టులో ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌సైట్ ద్వారా ఈ ఏర్పాటు లోకం దృష్టికి వచ్చినప్పుడు రుసుము వారానికి 150 పౌండ్లు. అప్పటి మారకంలో సుమారు 15 వేల రూపాయలు. అందుకు ప్రతిఫలంగా దక్కేది వారానికి 40 గంటల చాకిరీ.

సొమ్మిచ్చి మరీ చాకిరీ చేసేందుకు ఎవరొస్తారని అడగాల్సిన అవసరం ఎక్కువ రోజులు లేకపోయింది. రెండేళ్ళ ముందుగానే తేదీలన్నీ నిండిపోయిన సందర్భాలున్నాయి. అమెరికా నుంచి, కెనడా నుంచి, యూరప్ దేశాల నుంచి జనం వచ్చారు. కొత్తగా రిటైరైనవాళ్ళు, ఆఫీసు మీద విరక్తి పుట్టినవాళ్ళు, రోజూ పుస్తకాల మధ్యే ఉండి సెలవుల్లో కూడా పుస్తకాల మధ్యే గడపాలనుకున్న లైబ్రేరియన్లు, ఒకరినొకరు ఎంత భరించగలరో తేల్చుకోదలచిన జంటలు.

వీరందరి బుర్రల్లో ఉన్న కథ దాదాపు ఒకటే. ఇంగ్లీషు నవలల దుకాణాల్లో దానికోసం ప్రత్యేకంగా అలమరలే ఉంటాయి. నగరంలో ఉద్యోగమో, కాపురమో, లేదంటే రెండూనో చెడిన యువతి దూరదేశంలోని సముద్రపు ఒడ్డున ఓ పల్లెకు వస్తుంది. అక్కడ బేకరీయో, టీ దుకాణమో, పుస్తకాల కొట్టో తెరుస్తుంది. మొదటి నెల వాన కురిసి పైకప్పు కారుతుంది. ముభావంగా ఉండే స్థానికుడొకడు నిచ్చెన పట్టుకుని వస్తాడు. మిగతాది పాఠకులే ఊహించుకోగలరు. స్కాట్లండ్ రచయిత్రి జెన్నీ కోల్గన్ 2016లో రాసిన ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హ్యాపీ ఎవర్ ఆఫ్టర్’లో ఉద్యోగం పోయిన బర్మింగ్‌హామ్ లైబ్రేరియన్ ఒకామె స్కాట్లండ్ కొండల్లో వ్యాన్ కొని పుస్తకాలమ్ముతుంది. ఈ తరహా నవలల్లో బ్యాంకు అప్పు రెండో అధ్యాయంలో వస్తుంది, నాలుగో అధ్యాయానికల్లా మాయమవుతుంది. విగ్‌టౌన్ ప్రత్యేకత ఏమిటంటే అక్కడ ఇలాంటి కథ నిజంగానే జరిగింది, అప్పుతో సహా.

ఆ కథలో నాయిక జెస్సికా ఫాక్స్. అమెరికన్. సినిమాలు తీయాలని లాస్ ఏంజెలెస్ చేరి, అంతరిక్ష సంస్థ నాసా చేసే పనిని కథలుగా చెప్పే ఉద్యోగంలో కుదిరిన యువతి. చాలామందికి అది కలల కొలువే. ఆమె కల మాత్రం వేరు. ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని, స్కాట్లండ్‌లో సముద్రం దగ్గరి ఓ పాత పుస్తకాల కొట్టు కౌంటర్ వెనక తాను కూచుని ఉన్నట్టు ఒక దృశ్యం ఆమెను పదేపదే వెంటాడేది. ఇలాంటివి అందరికీ వస్తాయి. టీ తాగితే పోతాయి. ఆమె మాత్రం గూగుల్ తెరిచి స్కాట్లండ్‌లో పాత పుస్తకాల కొట్లేమున్నాయని వెతికింది. విగ్‌టౌన్ పేరు దొరికింది. అక్కడి పెద్ద కొట్టుకు మెయిల్ పంపింది. నెల రోజులు పనిచేస్తాను, ఉండటానికి చోటిస్తారా అన్నది దాని సారాంశం. యజమాని షాన్ బైథెల్ సరేనన్నారు. నెల కోసం వెళ్ళిన ఆమె ఆయన్నీ ఊరినీ ప్రేమించి అక్కడే కొత్త జీవితం మొదలుపెట్టింది. ఆ అనుభవాన్ని ‘త్రీ థింగ్స్ యూ నీడ్ టు నో అబౌట్ రాకెట్స్’ అనే పుస్తకంగా రాసింది. తనలా కలగనేవాళ్ళు మరెందరో ఉంటారు కదా, వాళ్ళకూ ఓ అవకాశం ఇస్తే పోలా అన్న ఆమె ఆలోచన నుంచే ఓపెన్ బుక్ పుట్టింది. దాన్ని నడిపేది ఊరి పుస్తకోత్సవాన్ని నిర్వహించే సంస్థ.

ఆమె వెతుక్కుంటూ వచ్చిన ఊరు అసలెలాంటిది? చూడగానే మనసు దోచే స్కాట్లండ్ కాదు. మంచు కొండలు, కోటలు, బ్యాగ్‌పైపులు చూడాలనుకునే టూరిస్టులు ఎడిన్‌బరో నుంచి నేరుగా ఉత్తరానికి పోతారు. నైరుతి దిక్కుకు తిరిగేవాళ్ళు తక్కువ. అక్కడ గాలోవే ప్రాంతంలో, మాకర్స్ అనే ద్వీపకల్పంలో, అఖాతం మీదికి చూసే చిన్న మిట్ట మీద విగ్‌టౌన్ ఉంది. జనాభా వెయ్యి. ఊరికి తగని వెడల్పుతో ప్రధాన వీధి, మధ్యలో పచ్చిక తోట, చుట్టూ రంగులేసిన పాత ఇళ్ళు, ఓ చివర 19వ శతాబ్దంలో కట్టిన కౌంటీ భవనం గోపురం. చుట్టుపక్కల పొలాల్లో నడుముకు తెల్ల పట్టీ చుట్టినట్టుండే నల్లటి గాలోవే పశువులు మేస్తుంటాయి. ఊరి కింద అఖాతం పొడవునా ఉప్పు చిత్తడి. బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వాల ఆధీనంలోని అభయారణ్యాల్లో ఇదే పెద్దది.

ఆ చిత్తడిలోకి చెక్క బాట మీద నడిచి వెళితే ఒక రాతి స్తంభం కనిపిస్తుంది. 1685 మేలో మార్గరెట్ మెక్‌లాక్లన్ అనే వృద్ధురాలినీ, మార్గరెట్ విల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ యువతినీ ఇక్కడే గుంజలకు కట్టి, సముద్రం పోటెక్కేదాకా వదిలేశారు. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకుంటూ ప్రమాణం చేయకపోవడం వారి నేరం. ముందు వృద్ధురాలిని లోతులో కట్టారని, ఆమె మునిగిపోవడం చూసైనా యువతి మనసు మార్చుకుంటుందని ఆశించారని చెబుతారు. ఆమె మార్చుకోలేదు. 1871లో చిత్రకారుడు మిలే ఆమె బొమ్మ వేశారు. ఇద్దరి సమాధులూ ఊరి చర్చి ఆవరణలో ఉన్నాయి. స్వెట్టర్, టీ కప్పు, పుస్తకాల వాసన కోసం వచ్చినవాళ్ళు ఇక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడతారు.

సముద్రం చేయలేని పనిని ఇరవయ్యో శతాబ్దపు ఆఫీసు కాగితాలు చేశాయి. 1950లో పాసింజర్ రైలు ఆగింది. 1964లో గూడ్సు బండ్లూ ఆగి పట్టాలు లేచిపోయాయి. 1975లో స్థానిక పాలనను పునర్వ్యవస్థీకరించినప్పుడు విగ్‌టౌన్‌షైర్ కౌంటీయే రద్దయింది. జిల్లా కేంద్రం హోదా పోతే ఊరికి ఏమవుతుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆఫీసులు పోతాయి, ఆఫీసులకు వచ్చే జనం పోతారు, వారికి టీ పోసేవారు పోతారు. మిగిలిన ఆధారాలు రెండు: పాల ఫ్యాక్టరీ, మైలు దూరంలోని బ్లాడ్నాక్ విస్కీ డిస్టిలరీ. పాల ఫ్యాక్టరీ మూతపడింది. 1817 నాటి డిస్టిలరీకి 1993లో తాళం పడింది. ప్రధాన వీధిలో కిటికీలకు చెక్కలు కొట్టిన ఇళ్ళు వరసగా కనిపించే రోజులవి.

అలాంటి ఊరికి పనికొచ్చే ఉపాయం అప్పటికే పక్క దేశంలో ఒకటుంది. వేల్స్ సరిహద్దులోని హే-ఆన్-వై అనే చిన్న పట్నంలో రిచర్డ్ బూత్ అనే పెద్దమనిషి 1960లలో పాత పుస్తకాల వ్యాపారం మొదలుపెట్టి, ఖాళీగా పడున్న కట్టడాలనల్లా పుస్తకాలతో నింపేశారు. 1977 ఏప్రిల్ 1న ఊరికి స్వాతంత్ర్యం ప్రకటించి తానే రాజునన్నారు. తన గుర్రాన్ని ప్రధానిని చేశారు. తేదీ చూసి నవ్వినవాళ్ళు కూడా ఊరికి జనం రావడం చూసి ఊరుకున్నారు. పిచ్చి చేష్టల వెనక బూత్ గ్రహించిన ఆర్థిక సూత్రం చాలా తెలివైనది. పాత పుస్తకం చోటెక్కువ ఆక్రమిస్తుంది, లాభం తక్కువిస్తుంది, అమ్ముడుపోవడానికి ఏళ్ళు పడుతుంది. అంటే దానికి కావలసింది పెద్ద గదులు, నామమాత్రపు అద్దె, బోలెడంత ఓపిక. ఈ మూడూ పుష్కలంగా ఉండేది చచ్చిపోతున్న ఊళ్ళలోనే. 1984లో బెల్జియంలోని రెడూ, 1989లో ఫ్రాన్స్‌లోని బెషెరెల్ అదే దారి పట్టాయి. స్కాట్లండ్ కూడా తనకో పుస్తకాల ఊరు కావాలనుకుని పోటీ పెట్టింది. 1997లో విగ్‌టౌన్ గెలిచింది. ఆ మరుసటి ఏడు అధికారికంగా జాతీయ పుస్తకాల పట్నమైంది. 1999 నుంచి ఏటా పుస్తకోత్సవం జరుగుతోంది. కూలిపోయే దశకు చేరిన కౌంటీ భవనం బాగుపడింది. వీధిలో చెక్కలు ఊడబెరికిన కిటికీల వెనక పుస్తకాలు కనిపించసాగాయి.

షాన్ బైథెల్ ఆ దశలోనే రంగంలోకి దిగారు. ఆయన పరాయివాడు కాదు, ఆ చుట్టుపక్కలే పెరిగినవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ పుస్తకాల కొట్టును మొదటిసారి చూసి, ఏడాదిలో మూతపడుతుందని స్నేహితుడితో జోస్యం చెప్పారు. పుష్కరం తర్వాత అమ్మానాన్నలను చూడటానికి వచ్చి, ఏదో పుస్తకం ఉందా అని అడగడానికి అదే కొట్టులోకి వెళ్ళారు. మాటల్లో తనకు నచ్చిన పని దొరకడం లేదన్నారు. తాను రిటైరవుదామనుకుంటున్నానని, కొట్టు కొనుక్కోమని ముసలి యజమాని సలహా ఇచ్చారు. డబ్బు లేదంటే, బ్యాంకులున్నది ఎందుకన్నారట. 2001 నవంబర్ 1న, 31 ఏళ్ళు నిండిన నెలకు, షాన్ ఆ కొట్టుకు యజమాని అయ్యారు.

తర్వాత ఏం జరిగిందో ఆయన డైరీయే చెబుతుంది. 2014 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు రోజూ రాసుకున్న ఆ రాతలు 2017లో ‘ది డైరీ ఆఫ్ ఎ బుక్‌సెల్లర్’గా వచ్చి, అనేక భాషల్లోకి వెళ్ళాయి. ప్రతి రోజూ పైన రెండు అంకెలు: ఇంటర్నెట్‌లో ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, వాటిలో ఎన్ని పుస్తకాలు అలమరల్లో దొరికాయి. ఈ రెండూ సమానం కాని రోజులే హాస్యానికి ముడిసరుకు. కింద మరో రెండు: గల్లాపెట్టెలో ఎంత పడింది, కొన్నవాళ్ళు ఎందరు. చలికాలంలో ఆ చివరి అంకె చేతి వేళ్ళు దాటని రోజులున్నాయి. లక్ష పుస్తకాలున్న, స్కాట్లండ్‌లోనే అతిపెద్ద పాత పుస్తకాల కొట్టని చెప్పుకునే చోట ఇదీ పరిస్థితి.

షాన్ ప్రతి నెలనూ జార్జ్ ఆర్వెల్ మాటలతో మొదలుపెడతారు. బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఆర్వెల్ 1930లలో లండన్‌లో ఓ పాత పుస్తకాల కొట్టులో గుమాస్తాగా పనిచేశారు. 1936లో రాసిన వ్యాసంలో, ఆ ఉద్యోగం చేశాక తనకు పుస్తకాల మీదున్న ప్రేమే పోయిందని బాధపడ్డారు. చేతికొచ్చిన ప్రతి పుస్తకం గురించీ అబద్ధాలు చెప్పాల్సి రావడం, వాటిని రోజూ దులపడం, మోయడం అందుకు కారణాలు. ఎనభై ఏళ్ళ తర్వాత షాన్‌కు ఆ జాబితాలో చేర్చడానికి మరికొన్ని దొరికాయి. గంట సేపు పుస్తకాలన్నీ కెలికి, ధర ఫోన్‌లో చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పుస్తకం మీద పెన్సిల్‌తో వేసిన ధరను బేరమాడేవాళ్ళు. వానకు తలదాచుకోవడానికి వచ్చి, తాము గొప్ప పుస్తకప్రియులమని చెప్పి, ఏమీ కొనకుండా పోయేవాళ్ళు. రైల్వే పుస్తకాలు మాత్రం బాగా పోతాయట. వాటిని కొనేవారిలో గడ్డాలవారే ఎక్కువట. స్కీయింగ్ దుస్తుల్లో పనికి వచ్చే ఒక సహాయకురాలు శుక్రవారం శుక్రవారం సూపర్‌మార్కెట్ పారేసిన తినుబండారాలు ఏరుకొచ్చి విందు చేస్తుంది. ప్రేమ నవలలో యజమానిగా ఉండాల్సిన సౌమ్యుడు ఇక్కడ కనిపించడు. ఈయన చిరాకు మనిషి, దాన్ని దాచుకోడు కూడా. ఆ చిరాకును చూడటానికే జనం వస్తున్నారన్నది వేరే సంగతి.

వ్యాపారం లోగుట్టు కూడా ఈ పేజీల్లోనే దొరుకుతుంది. పాత పుస్తకాల వర్తకుడికి సరుకు ఎక్కువగా చావుల ద్వారా వస్తుంది. పల్లెల్లో ఏ రైతో, ఏ టీచరో పోతే పిల్లలు ఇల్లు ఖాళీ చేయాలనుకుంటారు. షాన్ వ్యాన్ వేసుకుని వెళ్ళి, ఒక మనిషి జీవితకాలం పోగేసిన లైబ్రరీని పెట్టెల్లో సర్దుతారు. ఆ మనిషి ఎలాంటివాడో అతని పుస్తకాలే చెబుతుంటాయి. డైరీలో మెత్తదనం కనిపించే చోట్లు అవే.

ఒకప్పుడు ఏ పుస్తకం ఎంత అరుదో తెలిసి ఉండటమే వర్తకుడి పెట్టుబడి. ఇంటర్నెట్ వచ్చాక ఆ పరిజ్ఞానం అందరి జేబుల్లోకీ చేరింది. పాత పుస్తకాల వర్తకులను కలుపుతూ 1990లలో కెనడాలో పుట్టిన ఏబ్‌బుక్స్ వెబ్‌సైట్‌ను 2008లో అమెజాన్ కొనేసింది. ఆన్‌లైన్‌లో పోటీపడి ధరలు తగ్గించుకుంటూ పోయి చివరికి ఒక్క పెన్నీకి అమ్మి, పోస్టేజీలో నాలుగు డబ్బులు మిగుల్చుకునే స్థితి వచ్చింది. షాన్ ఒక పాత కిండిల్‌ను తుపాకీతో కాల్చి, వేటాడిన జంతువు తలలా చెక్కకు బిగించి కొట్టులో గోడకు తగిలించారు. దాన్ని ఫొటో తీసుకోని సందర్శకుడు ఉండడు. మరో ఉపాయంగా ‘ర్యాండమ్ బుక్ క్లబ్’ పెట్టారు. ఏడాదికి చందా కడితే నెలకో పుస్తకం పంపుతారు, ఏదొస్తుందో సభ్యులకు తెలియదు. మంచి వర్తకుడి లక్షణమే ఇది: అమెజాన్ దేన్ని లోపంగా చూస్తుందో దాన్నే సరుకుగా మార్చడం.

ఇక ప్రేమకథ. డైరీలో ‘ఆనా’ అనే అమెరికన్ స్నేహితురాలు వస్తూపోతూ ఉంటుంది. ఉత్సాహవంతురాలు, కారు నడపడంలో ప్రమాదకారి, ఊరందరికీ ఇష్టురాలు. ఆమె ఎవరో జెస్సికా ఫాక్స్ పుస్తకం చదివినవారికి చెప్పాల్సిన పని లేదు. అదే కొట్టు గురించి, అదే బంధం గురించి ఇద్దరూ రాసిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం ఓ సరదా. ఆమె పుస్తకంలో సముద్రం మెరుస్తుంది. ఆయన పుస్తకంలో బాయిలర్ చెడిపోతుంది. రెండూ నిజమే, ఒకే కప్పు కింద జరిగినవే. చివరికి వాళ్ళిద్దరూ విడిపోయారు. ఆ సంగతిని షాన్ నాలుగు ముక్కల్లో, తన వైపు తప్పును కప్పిపుచ్చుకోకుండా రాశారు. నవలైతే ఈ ముగింపును ఏ ప్రచురణకర్తా ఒప్పుకోడు.

కానీ ఆ ప్రేమ పెట్టిన చిన్న కొట్టు నిలిచింది. పెట్టినవాళ్ళ కాపురంతో నిమిత్తం లేకుండా, ఎవరెవరో వచ్చి తెరుస్తున్నారు, మూస్తున్నారు. కొత్తగా వచ్చిన షావుకారును ఊళ్ళోవాళ్ళు పలకరిస్తారు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు పనిలో మెళకువలు చెబుతారు. వచ్చేవాళ్ళు చాలామంది మొదటి రెండు రోజులు ఉత్సాహంగా అలమరలు తిరగేసి సర్దుతారు. వాళ్ళకు ముందు వారం వచ్చినవారు కూడా అదే పని చేసి ఉంటారు గనుక ఆ పుస్తకాలకు ప్రయాణాలు ఎక్కువే. మూడో రోజు వాన పడుతుంది, ఎవరూ రారు. వ్యాపారమంటే ఏమిటో తెలిసేది ఆ రోజే. అయితే పోయేది తమ డబ్బు కాదు, మరుసటి నెల కరెంటు బిల్లు తమ పేరున రాదు. కలలో తీపి మాత్రమే దక్కించుకుని, చేదును ఊరికి వదిలి వెళ్ళే వెసులుబాటు అది. ఇందులో కొంచెం బూటకం ఉందని విమర్శించవచ్చు. ఊరి వైపు నుంచి చూస్తే మాత్రం చక్కటి లెక్క. అద్దె, అమ్మకం ఉత్సవ సంస్థకు వెళతాయి. వచ్చినవాళ్ళు పక్క కొట్లలో పుస్తకాలు, కాఫీ, రొట్టెలు కొంటారు. దేశానికి వెళ్ళి విగ్‌టౌన్ గురించి పది మందికి చెబుతారు. ప్రకటనలకు పైసా ఖర్చు లేదు.

వారం కాకుండా జీవితమంతా ఉందామని వచ్చినవాళ్ళ అనుభవం ఎలా ఉంటుందో మైలు దూరంలోని బ్లాడ్నాక్‌లో తెలుస్తుంది. మూతపడిన డిస్టిలరీని 1994లో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన రేమండ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొన్నారు. విస్కీ కాయడానికి కాదు, సెలవులకు వచ్చి ఉండటానికి. నది ఒడ్డున ఆ రాతి కట్టడాలు ఆయనకు నచ్చాయి, అంతే. కానీ ఊరిలో ఉండేకొద్దీ, ఆ చిమ్నీ చల్లబడటం వల్ల ఎవరికేం పోయిందో ఆయనకు అర్థమైంది. అమ్మిన కంపెనీతో ఏళ్ళ తరబడి మాట్లాడి, ఏడాదికి లక్ష లీటర్లకు మించకుండా ఉత్పత్తికి అనుమతి సాధించారు. 2000లో బట్టీ మళ్ళీ వెలిగింది. అయితే 2014లో కంపెనీ దివాలా తీసింది. మరుసటి ఏడాది డేవిడ్ ప్రయర్ అనే ఆస్ట్రేలియన్ దాన్ని కొన్నారు. ఈయనదీ కొత్త జీవితమే. సొంత దేశంలో పెరుగు కంపెనీ పెట్టి, అమ్మేసి, ఆ డబ్బుతో ప్రపంచం అవతలి కొసన విస్కీలోకి దిగారు. కలలకు కాలపరిమితి ఉంటుంది కానీ కట్టడం మిగిలుంటే మరో కలగనేవాడు వస్తాడని ఈ ఊరి చరిత్ర చెబుతున్నట్టుంది. అలాగని ఇద్దరికీ మధ్య జీతాలు పోయినవాళ్ళకు ఇది ఓదార్పేమీ కాదు.

మన దేశంలో ఇలాంటి ఊరు ఉందా? హే-ఆన్-వై ప్రేరణతో 2017 మేలో మహారాష్ట్ర ప్రభుత్వం పంచగని, మహాబలేశ్వర్‌ల నడుమనున్న భిలార్‌ను పుస్తకాల ఊరుగా ప్రకటించింది. అప్పటిదాకా ఆ ఊరి పేరు స్ట్రాబెరీలకే తెలుసు. ఇళ్ళు, గుడి, బడి కలిపి పాతిక చోట్ల సుమారు 15 వేల మరాఠీ పుస్తకాలతో మొదలుపెట్టారు. ఎవరైనా వెళ్ళి ఉచితంగా చదువుకోవచ్చు. రెండింటి మధ్య తేడా ఆసక్తికరంగా ఉంటుంది. భిలార్‌లో పుస్తకాలు ప్రభుత్వం కొన్నది, అమ్మకం ఊసు లేదు. ఇంటి గడపలో కూచుని చదువుకునే సందర్శకుడికి భోజనం, బస అమ్ముకోవడం ద్వారానే ఊరికి లాభం. విగ్‌టౌన్‌లో ప్రభుత్వం తలుపు తెరిచి పక్కకు జరిగింది. లోపలికి వెళ్ళి నష్టపోయే హక్కు వ్యక్తులకు వదిలేసింది. ప్రేమకథలు పుట్టే అవకాశం రెండో పద్ధతిలోనే ఎక్కువ.

విగ్‌టౌన్ కల కనే భారతీయులు మాత్రం సముద్రం కన్నా ముందు వీసా ఆఫీసు దాటాలి. బ్రిటన్ విజిటర్ వీసా మీద వెళ్ళినవారు ఉద్యోగం చేయకూడదు, వ్యాపారం నడపకూడదు, జనానికి నేరుగా సరుకు అమ్మకూడదు. రిజిస్టరైన ధార్మిక సంస్థకు 30 రోజుల దాకా స్వచ్ఛంద సేవ చేయడానికి మాత్రం వీలుంది. కాబట్టి తాళం చెవి చేతికి తీసుకోవడం దేని కిందికి వస్తుందో విమానం టికెట్ కొనకముందే రాతపూర్వకంగా కనుక్కోవడం క్షేమం. అక్కడే సొంత కొట్టు పెట్టి స్థిరపడదామనుకునేవారికి 2023 ఏప్రిల్ నుంచి ‘ఇన్నోవేటర్ ఫౌండర్’ వీసా ఉంది. ఆ వ్యాపార ఆలోచన కొత్తదై ఉండాలి, నిలదొక్కుకోగలగాలి, విస్తరించే వీలుండాలి అన్నవి షరతులు. పాత పుస్తకాల కొట్టు కొత్తదని నిరూపించడం ఎంత ఘటికుడైన లాయరుకైనా కష్టమే. విస్తరణ సంగతి సరేసరి. 2021 నుంచి యూరప్ దేశాలవారికీ ఈ గడప ఎత్తు పెరిగింది. బ్రెగ్జిట్‌కు ముందు వాళ్ళు ఏ అనుమతీ లేకుండా వచ్చి కొట్టు పెట్టుకోగలిగేవారు.

చూసి రావడానికైతే ఇబ్బంది లేదు. విగ్‌టౌన్‌కు రైలు లేదు. ఏడు మైళ్ళ దూరంలోని న్యూటన్ స్టివార్ట్ దాకా వచ్చి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. పుస్తకాల ఊరే అయినా చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మూడు నాలుగు మైళ్ళలో టార్‌హౌస్ వద్ద 19 రాళ్ళు వలయంగా పేర్చిన చరిత్రపూర్వ కాలపు కట్టడం ఉంది. దక్షిణాన విట్‌హార్న్‌కు స్కాట్లండ్‌లో క్రైస్తవం తొలి అడుగుల చరిత్ర ఉంది. పుస్తకోత్సవం జరిగే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో వెళితే రచయితలు కనిపిస్తారు కానీ గది దొరకదు. ఫిబ్రవరిలో గదులన్నీ ఖాళీ. అప్పుడు ఐస్‌లాండ్ నుంచి చలికాలం గడపడానికి వచ్చిన గులాబీ కాళ్ళ బాతులు చిత్తడి మీద వేల సంఖ్యలో దిగి ఉంటాయి. చీకటి తొందరగానే కమ్ముతుంటుంది. ప్రధాన వీధిలో దీపం వెలుగుతున్న కొట్లు రెండో మూడో ఉంటాయి. వాటిలో దేనిలోకి వెళ్ళినా ఏదో ఒకటి కొనడం మర్యాద. ఆ రోజుకు అదే బోణీ కావచ్చు.